4294967297 కారణాంకాల్లో ఈ 128 ఎక్కణ్నుంచి వచ్చింది?

నంబర్ థియరీ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. 2³²+1, అంటే 4294967297, ప్రధాన సంఖ్యేనని ఫెర్మా అనుకుంటే 1732లో ఆయిలర్ దాన్ని 641 × 6700417 అని విడగొట్టేశాడు కదా. దీన్ని భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 64తో భాగిస్తే శేషం 1 వస్తుందన్నది అర్థమైంది: ఆ ప్రధాన సంఖ్యతో భాగిస్తే 2³²కి శేషం −1, కాబట్టి 2⁶⁴కి 1, అంతకంటే చిన్న ఘాతానికి 1 రాదు, ఇక ఫెర్మా చిన్న సిద్ధాంతం (p బేసి ప్రధాన సంఖ్య అయితే 2ᵖ⁻¹ని pతో భాగిస్తే శేషం 1) ప్రకారం ఆ ప్రధాన సంఖ్యలోంచి 1 తీసేస్తే మిగిలినదాన్ని 64 భాగించి తీరాలి. అలా వెళ్ళినా 193, 257, 449, 577 దాటాక గానీ 641 తగలదు. ఇక్కడిదాకా ఓకే.

కానీ తర్వాత లూకాస్ అనే ఫ్రెంచ్ గణితజ్ఞుడు 64తోనే కాదు, 128తో భాగించినా శేషం 1 వస్తుందని తేల్చాడు. నిజమే, 640 = 5 × 128, అప్పుడు 641కి ముందు చూడాల్సింది 257 ఒక్కటే! ఈ రెట్టింపు ఎలా వచ్చింది? ఆ ప్రధాన సంఖ్యతో భాగిస్తే శేషం 2 వచ్చే వర్గ సంఖ్య ఒకటి ఉంటుంది కాబట్టి అని అందరూ ఒక్క ముక్కలో కానిచ్చేస్తున్నారు, ఆ వర్గం ఎక్కడిదో నా బుర్రకెక్కట్లేదు. డిగ్రీ లెక్కల స్థాయిలో చెబితే చాలు.

ఇంకొకటి, 6700417 ప్రధాన సంఖ్యేనని చేత్తో తేల్చుకోవాలంటే 257, 641, 769, 1153, 1409తో భాగించి చూస్తే సరిపోతుందా?