"లామ్మా నిగ్గారా": మాకెందుకు లోటు? (సంఖ్యాకాండము 9:7)

ఈజిప్టు నుంచి బయటపడ్డ రెండో ఏడు, సీనాయి ఎడారిలో పస్కా (ఈజిప్టు బానిసత్వం నుంచి విడుదలను గుర్తుచేసుకునే పండుగ) వచ్చింది. యూదుల పంచాంగంలో నీసాను నెల 14న సాయంత్రం బలి. కొందరు శవాన్ని ముట్టుకుని మైలలో ఉన్నారు, కాబట్టి వాళ్లకు అందులో భాగం లేదు. వాళ్లు ఊరుకోలేదు. ఆ రోజే మోషే, అహరోనుల దగ్గరికెళ్లి అడిగారు: లామ్మా నిగ్గారా?

మన తెలుగు బైబిల్లో ఇక్కడ 'అడ్డగించడం' వాడారు. తప్పు కాదు. కానీ హీబ్రూలో ఈ ధాతువు తగ్గించడం, కోత పెట్టడం అనే అర్థంలో ఎక్కువగా కనిపిస్తుంది. ఇటుకల లెక్క తగ్గించొద్దని ఫరో హుకుం జారీ చేసిన చోట (నిర్గమ 5:8) ఇదే. కొడుకులు లేనంత మాత్రాన మా నాన్న పేరు ఎందుకు పోవాలని సెలోపెహాదు కూతుళ్లు నిలదీసిన చోటా (సంఖ్యా 27:4) ఇదే. ఈ రెండు సంఖ్యాకాండ సందర్భాల్లోనూ మోషే దగ్గర జవాబు లేదు, దేవుణ్ణి అడగాల్సి వచ్చింది. రెండుసార్లూ అడిగినవాళ్లకు అనుకూలంగా కొత్త చట్టం వచ్చింది. ఇక్కడ వచ్చింది 'పెసహ్ షేనీ', రెండో పస్కా: సరిగ్గా నెల తర్వాత, ఇయ్యారు 14న. మైలపడ్డవాళ్లకీ, దూర ప్రయాణంలో ఉన్నవాళ్లకీ.

అందుకే నేనైతే "మాకెందుకు లోటు?" అంటాను. మీరేమంటారు?

వ్యాఖ్య: 'లోటు' బాగుందండీ. 'వెలితి' అంటే మనసులో బాధలా ఉంటుంది, ఇక్కడ హక్కు అడుగుతున్నారు. కానీ ఒక సందేహం. రెండో అవకాశానికి యూదులకు యోమ్ కిప్పూర్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?

జవాబు: అది పాపానికి పశ్చాత్తాపం చెప్పుకునే రోజండీ. వీళ్లు ఏ పాపమూ చేయలేదు, శవాన్ని మోశారు, అంతే. ఎవరి శవం అన్నదానికి యూదు రబ్బీల చర్చల గ్రంథం తల్మూదులో (సుక్కా 25) ముగ్గురు రబ్బీలవి మూడు అభిప్రాయాలున్నాయి. యోసేపు శవపేటిక మోసినవాళ్లని గలిలయ యోసే. అహరోను కొడుకులు నాదాబు, అబీహుల శవాలు మోసిన మిషాయేలు, ఎల్సాఫానులని అకీవా. దిక్కులేని శవాన్ని పూడ్చినవాళ్లని ఇస్సాకు. ఏది తీసుకున్నా, వాళ్ల మైల మంచిపని వల్ల వచ్చిందే. మన దగ్గర పాడె మోసొచ్చినవాళ్లు అప్పటికి గుడికి దూరంగా ఉంటారే, అలాంటి పరిస్థితి. కాబట్టి ఈ రెండో పస్కాను 'క్షమాపణ' అని అనువదించేవాళ్లతో నాకు పేచీ ఉంది.

వ్యాఖ్య: మరి 'దూర ప్రయాణం' అంటే ఎంత దూరం?

జవాబు: ఇది నాకు భలే ఇష్టమైన చర్చ. తల్మూదుకి మూలమైన ధర్మసూత్రాల సంకలనం మిష్నాలో (పెసహీమ్ 9:2) అకీవా, యెరూషలేముకు మొదీయీను ఊరు ఎంత దూరమో ఏ దిక్కునైనా అంత, అంటాడు. రబ్బీ ఎలియెజెరు మాత్రం దేవాలయ ప్రాంగణం గడప దాటితే చాలు, దూరమే అంటాడు. తోరా (మోషే ధర్మశాస్త్రం) చుట్టలో 'రెహోకా' (దూరమైన) అన్న మాటలో చివరి 'హే' అక్షరం మీద ఒక చుక్క ఉంటుంది. ఇంకో రబ్బీ యోసే (గలిలయ యోసే కాదు) దాన్ని పట్టుకుని, నిజంగా దూరం కానక్కర్లేదు, గడప బయట ఉన్నా దూరమేనని చెప్పడానికే ఆ చుక్క అన్నాడు. పొరపాటున మానినవాళ్లనీ, ఆటంకం వచ్చి మానినవాళ్లనీ మిష్నా ఇందులో చేర్చింది. ఇరవయ్యో శతాబ్దంలో లుబావిచ్ అనే యూదు శాఖకు ఆరో గురువైన రబ్బీ యోసెఫ్ యిత్జాక్ ష్నీర్సన్ ఇంకా ముందుకెళ్లి, కావాలని దూరమైనవాడికీ ఇదే వర్తిస్తుందన్నాడు. ఇక చేయిదాటిపోయింది అనేదే లేదని ఆయన భావం. మూల వాక్యంలో అంత ఉందా అంటే నాకు అనుమానమే. పైగా 9:13లో, శుద్ధంగా ఉండి, ప్రయాణంలో లేకుండా మానినవాడికి కఠిన శిక్షే చెప్పారు.

వ్యాఖ్య: రెండోది మొదటిదానికి నకలేనా?

జవాబు: పూర్తిగా కాదండీ. కాల్చిన మాంసం, పులియని రొట్టె, చేదు ఆకులు రెండింటిలోనూ ఉంటాయి. అయితే మొదటి పస్కాకి ఇంట్లో పులిసిన పిండి కనబడకూడదు, రెండోదానికి పక్కనే ఉన్నా ఫర్వాలేదు. తినేటప్పుడు హల్లేల్ అనే స్తుతి కీర్తనలూ అక్కర్లేదు. క్రీ.శ. 70లో దేవాలయం కూలాక బలి ఆగిపోయింది. ఇప్పుడు ఇయ్యారు 14న చాలామంది కాస్త మాత్సా (పులియని రొట్టె) తింటారు, 'తహనూన్' అనే విన్నపాల ప్రార్థన ఆ రోజు వదిలేస్తారు.