పానిపట్టు ఓటమి: తప్పంతా సదాశివరావు భావుదేనా?

కోటల బాటసారి:
1761 జనవరి 14న పానిపట్టులో అఫ్గాన్ రాజు అహ్మద్‌షా అబ్దాలీ చేతిలో మరాఠాలు ఓడిపోయింది వాళ్ల సేనాని భావు మొండితనం వల్లే అని నా అభిప్రాయం. ఆడవాళ్లను, యాత్రికులను, బరువు సామాను, పెద్ద ఫిరంగులను వెనక వదిలేసి గనిమీ కావా పద్ధతిలో దెబ్బకొట్టి తప్పుకుందామని మరాఠా సర్దారు మల్హర్‌రావు హోల్కర్, భరత్‌పూర్ జాట్ రాజు సూరజ్‌మల్ చెప్పారు. భావు వినలేదు. సూరజ్‌మల్ తన దారిన వెళ్లిపోయాడు. ఉత్తరాదిలో తిండిగింజలు ఇవ్వగల మిత్రుణ్ణి పోగొట్టుకున్నాక ఇంకేం మిగిలింది?

మంజీర ఒడ్డు:
అంత తేలిగ్గా తేల్చేయకండి. మాది జహీరాబాద్ వైపు, ఉద్గీర్ మాకు దూరమేమీ కాదు. 1760 ఫిబ్రవరిలో అక్కడ నిజాం సైన్యాన్ని ఓడించింది ఈ భావే. ఫిరంగి దళాన్ని నడిపిన ఇబ్రహీం ఖాన్ గార్దీ అంతకుముందు నిజాం కొలువులో, ఫ్రెంచి సేనాని బుస్సీ చేతికింద పని నేర్చినవాడు. మరాఠా సర్దారు దత్తాజీ షిందే ఢిల్లీ దగ్గర బురాడీ ఘాట్‌లో అబ్దాలీ పక్షంతో పోరులో చనిపోయాడని తెలిశాక, మార్చిలోనే పీష్వా భావును ఉత్తరానికి పంపాడు. నిన్నగాక మొన్న తనను గెలిపించిన ఫిరంగులను వదిలెయ్ అంటే ఏ సేనాని వదులుతాడు? పైగా చేతిలో డబ్బు లేదు. ఢిల్లీ ఎర్రకోటలో దివాన్-ఎ-ఖాస్ పైకప్పు వెండి ఊడదీసి నాణేలు కొట్టించాల్సి వచ్చింది. ఆ కరువుకు పుణెలో కూర్చున్నవాళ్ల బాధ్యత లేదా?

కోటల బాటసారి:
ఫిరంగుల సంగతి ఒప్పుకుంటాను. మరి బాగ్‌పత్? అక్టోబరులో కుంజ్‌పురా కోట గెలిచిన ఊపులో భావు ఢిల్లీకి ఉత్తరంగానే ఉండిపోయాడు. వెనక అబ్దాలీ బాగ్‌పత్ దగ్గర యమున దాటేశాడు. రేవు మీద గట్టి కాపలా లేకపోవడం ఎవరి తప్పు? ఢిల్లీ దారి మూసుకుపోయింది అక్కడే.

మంజీర ఒడ్డు:
అది పెద్ద తప్పే, దాన్ని నేను కప్పిపుచ్చను. కానీ దారి అబ్దాలీకీ మూసుకుపోయింది, అతని ఇంటికీ అతనికీ మధ్య భావు ఉన్నాడు. తేడా అంతా తిండి దగ్గరే. అబ్దాలీకి అతని పక్షాన ఉన్న రొహిల్లా నాయకుడు నజీబ్ వల్ల రొహిల్లాల ప్రాంతం నుంచి ధాన్యం వచ్చేది. అవతలి సరఫరాను తెంచే పనిలో ఉన్న మరాఠా అధికారి గోవింద్‌పంత్ బుందేలే డిసెంబరులో చనిపోయాక మరాఠా శిబిరం ఆకలితో మాడింది. ఆ కడుపులతోనే మధ్యాహ్నం దాకా పైచేయిగా నిలిచారు. గార్దీ దళం రొహిల్లాలను చీల్చేసింది.

కృష్ణాతీరం:
ఇద్దరూ వదిలేసిన మాట ఒకటుంది. పీష్వా కొడుకు విశ్వాస్‌రావు తుపాకీ గుండుకు పడిపోగానే భావు ఏనుగు దిగి గుర్రమెక్కాడు. ఖాళీ అంబారీ చూసి సైన్యం చెదిరింది. అబ్దాలీ ఆఖరి గంట కోసం తాజా దళాన్ని పక్కన దాచుకున్నాడు, భావు దగ్గర అలాంటిది లేదు. నా లెక్కలో సేనానిగా ఆయన పెద్ద లోపం ఇది, అహంకారం కాదు.

మంజీర ఒడ్డు:
ఈ మాట ఒప్పుకుంటున్నాను. ఒక్కటి మాత్రం చెప్పాలి. సలహా ఇచ్చిన హోల్కర్ ఆ రోజు తన బలగంతో తప్పుకున్నాడు. గార్దీ చివరిదాకా పోరాడి, పట్టుబడి, చంపబడ్డాడు. భావు కూడా గుంపు మధ్యలోకి దూసుకెళ్లి తిరిగి రాలేదు.