పాత వ్యాసాల్లో బోల్డ్ చేసిన ఉపశీర్షికలను అసలు హెడింగులుగా మార్చడం ఎలా?

మా సాహిత్య సంఘం పత్రిక వెబ్‌సైట్ వర్డ్‌ప్రెస్‌లో ఉంది. చూపు లేని పాఠకుడు ఒకాయన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో (తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదువుతారు. హెచ్ కీ నొక్కితే వ్యాసం పేరు దగ్గర ఆగుతుందట, మళ్లీ నొక్కితే ఇక హెడింగులు లేవంటుందట. పెద్ద వ్యాసమైతే మొదటి నుంచి చివరిదాకా వినాల్సిందే పాపం.

కోడ్ తీసి చూస్తే ఉపశీర్షికలన్నీ మామూలు పేరాలే. బోల్డ్ చేసి సైజు పెంచారు, అంతే. కొత్త వ్యాసాలకు హెడింగ్ బ్లాక్ వాడుతున్నాం, సమస్య లేదు. పాతవి వందల్లో ఉన్నాయి. బోల్డ్‌గా ఉన్న లైన్లన్నీ ఒకేసారి హెచ్2 (రెండో లెవెల్ హెడింగు) చేసేద్దామంటే, పద్యాల పైన విడి లైన్లో ఉండే కం., తే.గీ., ఆ.వె. లాంటి ఛందస్సు గుర్తులు కూడా బోల్డే! అవీ హెడింగులైపోతే ఆయనకు ఇంకో తలనొప్పి. ఒక్కొక్కటి చూపించి, మనం సరే అన్నాకే మార్చే ప్లగిన్ గానీ స్క్రిప్టు గానీ ఉందా?

ఇంకొకటి. థీమ్‌లో హెచ్2 అక్షరాలు మరీ పెద్దగా ఉన్నాయని మా డిజైనర్ హెచ్4 పెట్టమంటున్నారు. సైజు సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) తగ్గించుకోవచ్చు, వ్యాసం పేరు (హెచ్1) తర్వాత మధ్యలో రెండు లెవెల్స్ ఎగరగొట్టడం దేనికని నా వాదన. ఆయన వినడం లేదు. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు ఎవరైనా ఉంటే, అలా దాటేస్తే మీకు నిజంగా ఎక్కడ ఇబ్బందో చెప్పగలరా? ఆయనకు చూపిస్తాను.