రొట్టెల పండగ బందోబస్తుకు ఎంపీ5 తుపాకులు కావాలా?

కావలి కుర్రాడు: స్వర్ణాల చెరువు గట్టున లక్షల మంది చేరతారు. ఇటు చూస్తే కృష్ణపట్నం పోర్టు. ఏదైనా జరిగితే ముందు పరిగెత్తేది స్థానిక పోలీసులే. 2008 ఉగ్రదాడిలో ముంబై స్టేషన్‌లో ఏకే47ల ముందు మన పోలీసులు లాఠీలు, పాత త్రీనాట్‌త్రీ రైఫిళ్లతో నిలబడ్డారు. పశ్చిమ జర్మనీ 1966లోనే తన పోలీసులకు ఎంపీ5 అనే చిన్న మెషిన్‌గన్ ఇచ్చింది. మనవాళ్లకు ఎందుకివ్వరు?

దోర్నాల పెద్దాయన: ముంబై తర్వాత, 2009లోనే హైదరాబాద్‌లో, చెన్నైలో ఎన్‌ఎస్‌జీ కమాండోల కేంద్రాలు పెట్టారు కదా బాబూ. పైగా ఎంపీ5 పేల్చేది పిస్టల్‌లో వాడే 9 ఎంఎం తూటానే. రైఫిల్ తూటాను ఆపే ప్లేటు వేసుకున్నవాడికి ఏమీ కాదు. చాలా దేశాల దళాలు పొట్టి రైఫిళ్లకు మారిపోతున్నది అందుకే. మా నల్లమలలో అయితే దీని దూరం అసలు చాలదు.

ఒంగోలు మాస్టారు: అడవి వేరు, పండగ వేరు అన్నా. మన పోలీసుల దగ్గరున్న పాత కార్బైన్‌లో, అంటే బ్రిటిష్ స్టెర్లింగ్ నమూనా పొట్టి తుపాకీలో, ట్రిగ్గర్ నొక్కగానే తూటాను గొట్టంలోకి తోసే బరువైన బోల్టు ముందుకు దూకుతుంది. ఆ కుదుపుకే గురి చెదురుతుంది. ఎంపీ5లో బోల్టు ముందే మూసుకుని ఉంటుంది, మొదటి రౌండు, అంటే తూటా, చూపిన చోటికే పోతుంది. 1980లో లండన్‌లో ఇరాన్ ఎంబసీలో బందీలను విడిపించడానికి వెళ్లిన బ్రిటిష్ కమాండో దళం ఎస్‌ఏఎస్ వాళ్ల చేతుల్లో ఉన్నది ఇదే. బందీ పక్కనే దుండగుడు నిలబడినప్పుడు కావాల్సింది ఆ గురే.

నెల్లూరు అక్క: గురి సరే మాస్టారూ, నా టెన్షన్ వేరు. నిమిషానికి 800 రౌండ్ల వేగం. 30 రౌండ్ల మ్యాగజైన్ రెండు సెకన్లలో అయిపోతుంది. చెరువు నీళ్లలో నిలబడి, కొంగులో రొట్టెలు పట్టుకుని, కోరిక చెప్పి మార్చుకుంటున్న ఆడవాళ్ల మధ్య అంత వేగం ఎవరికి కావాలి? హీత్రో ఎయిర్‌పోర్టులో బ్రిటిష్ పోలీసులు పట్టుకు తిరిగే ఎంపీ5లకు ఆటోమేటిక్కే ఉండదు. నొక్కితే ఒక్కటే పేలుతుంది. ఇస్తే అలాంటివే ఇవ్వాలి, అదీ ఫైరింగ్ రేంజ్‌లో క్రమం తప్పకుండా కాల్చి సాధన చేసేవాళ్లకే. ఏడాదంతా బీరువాలో ఉండి పండగ రోజు బయటికొచ్చే తుపాకీ మాకొద్దు.

కావలి కుర్రాడు: సింగిల్ షాట్‌కు నేనూ ఒప్పుకుంటా అక్కా. దిగుమతి చేసుకోవాల్సిన పని కూడా లేదు, అస్మి అనే మన దేశపు 9 ఎంఎం చిన్న మెషిన్‌గన్ హైదరాబాద్‌లోనే తయారవుతోంది.

దోర్నాల పెద్దాయన: పోర్టు గేటు దగ్గర పెట్టండి, కాదనను. చెరువు గట్టుకు మాత్రం వద్దు.