2012 నాటి కంపెనీ సైటు: పడగొట్టి కొత్తది కట్టాలా, బాగుచేస్తే సరిపోతుందా?

వాల్వుల_వ్యాపారి:
మేం పంపులకు కావలసిన వాల్వులు, సీళ్లు అమ్ముతాం. సైటు 2012లో చేయించాం. ఒక్కో పార్టుకి ఒక్కో పేజీ, మొత్తం నాలుగు వందల పైచిలుకు. ప్రతి పేజీలో సైజుల పట్టిక, కింద డ్రాయింగ్ పీడీఎఫ్. అందంగా ఏమీ ఉండదు. కానీ పార్ట్ నంబర్ గూగుల్‌లో కొడితే మా పేజీ పైనే వస్తుంది. ఎంక్వైరీలన్నీ దాదాపు అలా వచ్చేవే.

ఇబ్బందులేంటంటే, ఫోన్‌లో అక్షరాలు మరీ చిన్నవిగా ఉంటాయి. హోమ్ పేజీలో పైన ఒక పెద్ద ఖాళీ డబ్బా కనిపిస్తోంది. కాంటాక్ట్ ఫారమ్ నింపామని కస్టమర్లు అంటారు, మాకు మెయిల్ రాదు. అందరివీ కాదు, కొందరివే. ఏజెన్సీని అడిగితే "ఇదంతా తీసేసి ఇరవై పేజీల్లో నీట్‌గా కొత్తది చేద్దాం" అన్నారు. మా పార్ట్‌నర్ అప్పుడే సరే అనేశాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇలాంటి పని చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

కొత్తథీమ్:
పాతదాన్ని పట్టుకుని వేలాడటం దండగండీ. మంచి థీమ్ (రెడీమేడ్ డిజైన్) తీసుకుని వర్డ్‌ప్రెస్‌లోకి, అదే సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్‌లోకి, మారిపోండి. ఈ రోజుల్లో నాలుగు వందల పేజీలు ఎవరు చదువుతారు?

మరమ్మతు_మనిషి:
నాలుగు వందలూ ఎవరూ చదవరు. ఒక్కొక్కరు ఒక్క పేజీ చూసి వెళ్తారు, అది వాళ్లకి కావలసిన పార్టుది. ఆ పేజీ లేకపోతే అదే పార్టు అమ్మే ఇంకొకరి దగ్గరికి పోతారు.

వాల్వుల వ్యాపారి గారూ, పాత కంపెనీ సైట్లు బాగుచేయడమే నా పని. అందుకని ఒక మాట గట్టిగా చెప్పగలను. పాత హెచ్‌టీఎమ్ఎల్, అంటే పేజీ రాసిన కోడ్, దానంతటది చెడిపోదు. సెర్న్ అనే పరిశోధన కేంద్రంలో 1991లో పెట్టిన ప్రపంచంలోనే మొట్టమొదటి సైటును తర్వాత మళ్లీ దాని పాత అడ్రస్సులోనే పెట్టారు. ఇవాళ్టి బ్రౌజర్‌లో చక్కగా తెరుచుకుంటుంది. చెడిపోయేవి పేజీకి తగిలించినవి, దాని కింద నడిచేవి. మీ ఖాళీ డబ్బా చూడండి, అక్కడ ఫ్లాష్ యానిమేషన్ ఉండేది, పందెం! ఫ్లాష్ కంపెనీ అడోబీ 2020 డిసెంబర్ 31తో సపోర్ట్ ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్‌లో ఏదీ నడవకుండా కట్టేసింది. దాన్ని తీసేసి అక్కడ పార్ట్ నంబర్ వెతికే పెట్టె పెట్టండి.

ఫారమ్ సంగతి నాకు ఎక్కువ ఆసక్తిగా ఉంది. "కొందరివే రావు" అన్నారే, అదే అసలు ఆధారం. అప్పట్లో చాలామంది డెవలపర్లు ఫారమ్ నింపిన మనిషి అడ్రస్‌నే మెయిల్‌లో 'ఫ్రమ్' దగ్గర పెట్టేవాళ్లు, మీరు రిప్లై కొడితే నేరుగా ఆయనకే వెళ్తుందని. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డీమార్క్ పాలసీని (తన అడ్రస్‌తో వచ్చే నకిలీ మెయిళ్లని ఏం చేయాలో చెప్పే నియమాన్ని) 'రిజెక్ట్'కి మార్చింది. అంటే, యాహూ అడ్రస్ పెట్టుకుని బయటి సర్వర్ ఏదైనా మెయిల్ పంపితే తిప్పికొట్టమని. మీ సర్వర్ చేస్తున్నది సరిగ్గా అదే! ఫ్రమ్‌లో మీ డొమైన్ (సైటు పేరు) మీద ఉన్న అడ్రస్ పెట్టించి, కస్టమర్ అడ్రస్‌ని 'రిప్లై-టు'లోకి మార్చండి. మీ ఇన్‌బాక్స్ జీమెయిల్ అయితే ఇంకోటి ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి పంపేవాళ్లందరికీ ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ (మెయిల్ నిజంగా ఆ డొమైన్‌దేనని చూపించే సెట్టింగులు) ఉండాలని గూగుల్ నియమం పెట్టింది. రెండూ పెట్టించేయండి. చిన్న పనే, కానీ కొత్త డిజైన్ మొత్తం కంటే దీనివల్లే మీకు ఎక్కువ లాభం.

ఫోన్ విషయానికొస్తే, పేజీలో వ్యూపోర్ట్ ట్యాగ్ (ఫోన్ తెర వెడల్పుకి సర్దుకోమని చెప్పే లైను) లేకపోతే ఫోన్ బ్రౌజర్ పేజీ వెడల్పు 980 పిక్సెళ్ల దరిదాపుల్లో ఉందనుకుని మొత్తాన్ని కుదించి చూపిస్తుంది. ట్యాగ్ ఒక్కటే పెడితే చాలదు, టెంప్లేట్‌లో (పేజీల అచ్చులో) వెడల్పులు కూడా మార్చాలి. పేజీలన్నీ ఒకే టెంప్లేట్ మీద నడుస్తుంటే, ఆ ఒక్కటి మారిస్తే అన్నీ మారతాయి. ఫోన్‌లో ఇరుకని సైజుల పట్టిక దాచేద్దామంటారు, ఒప్పుకోకండి. గూగుల్ ఇండెక్స్ చేసేది, అంటే వెతకడానికి నమోదు చేసుకునేది, ఫోన్‌కి వెళ్లే పేజీనే. పట్టిక అడ్డంగా జరిగేలా చేస్తే చాలు.

సర్వర్‌లో పీహెచ్‌పీ (సైటుని నడిపే ప్రోగ్రామింగ్ భాష) ఏ వెర్షనో కూడా అడగండి. 7.4కే 2022 నవంబర్‌లో సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోయాయి, మీది ఇంకా పాత 5 కావచ్చు. ఇది మాత్రం వాయిదా వేయొద్దు.

వాల్వుల_వ్యాపారి:
ఫారమ్ కోడ్ చూపించాను. ఫ్రమ్‌లో కస్టమర్ అడ్రస్సే ఉంది! ఇన్నాళ్లూ ఎన్ని ఆర్డర్లు పోయాయో తలుచుకుంటే కడుపు మండుతోంది. ఏజెన్సీతో మా పార్ట్‌నర్ మాట ఇచ్చేశాడు, డిజైన్ వరకైనా వాళ్లతోనే చేయించాలి. ఏమని షరతు పెట్టను?

మరమ్మతు_మనిషి:
పేజీల అడ్రస్సులు మారకూడదని రాయించుకోండి. తప్పదంటే ప్రతి పాత అడ్రస్ నుంచి దానికి సరిపోయే కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ (శాశ్వతంగా మళ్లించే ఏర్పాటు) ఉండాలి, పీడీఎఫ్‌లతో సహా. అన్నిటినీ హోమ్ పేజీకి మళ్లించేసి "రీడైరెక్ట్ చేశాం" అనే ఏజెన్సీలు బోలెడు. అలా చేస్తే గూగుల్ వాటిని లేని పేజీల కిందే లెక్కేస్తుంది. రీడైరెక్టులు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. నేనైతే అసలు తీయను, మీ కస్టమర్ల పాత మెయిళ్లలో ఆ లింకులు ఉంటాయి కదా.

పని మొదలయ్యేలోపే సెర్చ్ కన్సోల్ (గూగుల్ వెతుకులాటలో మీ పేజీలు ఎలా ఉన్నాయో చూపే గూగుల్ సాధనం) డేటా డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. అందులో 16 నెలల వరకే ఉంటుంది. రేపు ఎంక్వైరీలు తగ్గితే ఏ పేజీలు పడిపోయాయో చూపించడానికి ఆ ఫైలే మీ సాక్ష్యం.

కంటిచూపు:
ఇంకోటి కలుపుతాను. కొత్త డిజైన్లలో తెల్లటి పేజీ మీద లేత బూడిద రంగు అక్షరాల ఫ్యాషన్ ఒకటి. మామూలు సైజు అక్షరాలకి వెనక రంగుతో తేడా కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ (సైట్లు అందరికీ అందుబాటులో ఉండేలా చేసే మార్గదర్శకాలు) చెబుతుంది. మీ కస్టమర్లు వర్క్‌షాపులో, ఎండలో ఫోన్ చూసేవాళ్లు. అదీ షరతుల్లో రాయించండి.

వాల్వుల_వ్యాపారి:
రాయిస్తాను. ఇంకో చిక్కు బయటపడింది. డొమైన్ ఇంకా పాత డెవలపర్ పేరు మీదే ఉంది. ఆయన ఈ పని మానేసి చాలాకాలమైంది.

మరమ్మతు_మనిషి:
అయితే మిగతావన్నీ ఆపండి. గడువు తేదీ ఎప్పుడో ఇవాళే చూడండి, దగ్గర్లో ఉంటే ముందు రెన్యూ చేయించండి. తర్వాత ఆయనతో మర్యాదగా మాట్లాడి, రిజిస్ట్రార్ (డొమైన్ నమోదు చేసే కంపెనీ) దగ్గర యజమాని పేరు, మెయిల్ మీ కంపెనీవి చేయించుకోండి. ఆ మెయిల్ మాత్రం అదే డొమైన్‌ది పెట్టకండి. డొమైన్ ఆగిపోతే రెన్యువల్ నోటీసూ రాదు.