ఫుట్‌బాల్ మైదానం పచ్చికకు ముందుగా ఏ సామగ్రి సమకూర్చుకోవాలి?

కొత్తమాలి:
అందరికీ నమస్కారం. రెండు నెలల కిందట ఒక పాఠశాల ఫుట్‌బాల్ మైదానం బాగోగులు చూసే పని నాకు అప్పగించారు. మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. గడ్డి హైబ్రిడ్ గరిక రకం. పై మట్టిలో ఇసుక బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ, దాని కింద ఏ పొర ఉందో చెప్పగలిగిన పాతవారు ఇప్పుడు లేరు. పాత రోటరీ కోత యంత్రం ఒకటి, రెండు పారలు, ఒక రబ్బరు గొట్టం, మూలమూలనా స్ప్రింక్లర్లు, ఇంతే నాకున్న సామగ్రి. గోల్ ముందు భాగం గట్టిపడి బోడిగా తయారైంది. రెండు మూలల్లో గడ్డి పసుపు రంగుకు తిరిగింది. ఈ ఏడాది ఒక పెద్ద యంత్రం కొనడానికి యాజమాన్యం ఒప్పుకుంది. రోలర్ అని ఒకరు, నేలకు రంధ్రాలు చేసే ఏరేటర్ అని ఒకరు, రీల్ మోవర్ అని మరొకరు సలహా ఇస్తున్నారు. మీరు నా స్థానంలో ఉంటే దేనితో మొదలుపెట్టేవారో అనుభవంతో చెప్పగలరు.

రీల్‌పదును:
కొత్తమాలి గారూ, రోలర్‌ను ముందే జాబితాలోంచి తీసివేయండి. క్రికెట్ పిచ్‌లో బంకమట్టిని గట్టిపరచడానికి బరువైన రోలర్ కావాలి. ఫుట్‌బాల్ మైదానంలో మనం పోరాడేదే ఆ గట్టిదనంతో. కొత్తగా గడ్డి పిలకలు నాటినప్పుడు వేర్లు మట్టికి ఆనడానికి తేలికపాటి రోలర్ ఒకసారి తిప్పితే చాలు.

ఇక కోత సంగతి. రీల్ మోవర్‌లో తిరిగే వంపు కత్తులు కింద కదలకుండా ఉండే బెడ్ నైఫ్‌తో కలిసి పోచను కత్తెరలా కోస్తాయి. రోటరీలో బ్లేడు వేగంగా తిరుగుతూ పోచను కొట్టి తెంపుతుంది. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఇంగ్లండు వ్యక్తి మొదటి కోత యంత్రాన్ని తయారుచేసినప్పుడు, బట్టల మిల్లులో ఉన్ని గుడ్డ మీది నూగును కత్తిరించే యంత్రాన్ని చూసే ఆ ఆలోచన పొందాడు. నేటి రీల్ కూడా అదే సూత్రం మీద పనిచేస్తోంది. హైబ్రిడ్ గరికను 25 మిల్లీమీటర్ల లోపు ఎత్తులో ఉంచదలిస్తే రీల్ తప్పనిసరి అని నా అభిప్రాయం. 30 మిల్లీమీటర్లకు పైన ఉంచేట్టయితే పదునైన రోటరీతో నెట్టుకురావచ్చు.

ఆ ‘పదునైన’ అన్న మాట దగ్గరే చాలామంది ఆగరు. కోసిన మర్నాడు మోకాళ్ల మీద కూర్చుని పది పోచల కొనలు చూడండి. కొన సూటిగా, ఆకుపచ్చగా ఉంటే బ్లేడు బాగున్నట్టు. పీచులు లేచి, తెల్లగా ఎండిపోయి ఉంటే మీరు గడ్డిని కోయడం లేదు, చీరుతున్నారు. దూరం నుంచి ఆ మైదానం బూడిద పూసినట్టు కనిపిస్తుంది, మనం ఎరువు తగ్గిందనుకుని యూరియా చల్లుతాం. నేను ఒక వేసవంతా ఆ పొరపాటు చేశాను.

రీల్‌కు కాగితం పరీక్ష చాలు. ఇంజిన్ ఆపి, ప్లగ్ తీగ ఊడదీసి, మందపాటి చేతొడుగు వేసుకుని, రీల్‌కూ బెడ్ నైఫ్‌కూ మధ్య సన్నని కాగితం పెట్టి రీల్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పితే ఆ చివరి నుంచి ఈ చివరి దాకా శుభ్రంగా తెగాలి. ఒక పక్కే తెగుతుంటే ఎడం సరిచేయాలి. ఎక్కడా తెగకపోతే గరుకు పేస్టు పూసి రీల్‌ను వెనక్కి తిప్పి నూరాలి. రీల్ ఒక చివర సన్నగా, మరో చివర లావుగా అరిగిపోయి ఉంటే పేస్టుతో కుదరదు, గ్రైండింగ్‌కే పంపాలి.

గరికపోచ:
పదును విషయంలో పై మిత్రుడితో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ కొనే ముందు నేల చూడమంటాను. పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకుని, తడి పెట్టిన మర్నాడు మైదానంలో ముప్పై చోట్ల గుచ్చండి. అరచేతి ఒత్తిడితో పిడి దాకా దిగే చోటు, సగంలో ఆగే చోటు, అసలు దిగని చోటు, మూడింటినీ కాగితం మీద మైదానం పటం గీసి గుర్తించండి. పెద్ద స్టేడియాల వారు క్లెగ్ హామర్ అనే పరికరంతో, నిర్ణీత ఎత్తు నుంచి బరువు జారవిడిచి నేల కాఠిన్యాన్ని అంకెల్లో కొలుస్తారు. మీకు ఇప్పుడు స్క్రూడ్రైవర్ పటమే ఎక్కువ ఉపయోగం. ఆ తర్వాత పదునైన ఇనుప గొట్టంతో నాలుగు చోట్ల మట్టి కడ్డీలు తీసి నిలువునా చీల్చి చూడండి. వేర్లు ఎంత లోతుకు వెళ్లాయి, ఎక్కడ ఆగాయి, రంగు ఎక్కడ మారింది అన్నది ఏ యంత్రం కొనాలో చెబుతుంది.

ఏరేటర్ ఏడాదికి రెండు మూడుసార్లు తిరిగే యంత్రం. అద్దెకు దొరికే చోట దాన్ని కొని షెడ్డులో పెట్టుకోవడం నాకు సమంజసంగా తోచదు. అద్దెకు తెచ్చినప్పుడు మాత్రం టైన్ల సంగతి, అంటే నేలలో గుచ్చుకునే దాని ఇనుప మేకుల సంగతి, అడిగి తెలుసుకోండి. బోలు టైన్లు మట్టిని బయటికి తీస్తాయి. గట్టి టైన్లు మట్టిని పక్కకు నెట్టి రంధ్రం చేస్తాయి. 12 మిల్లీమీటర్ల బోలు టైన్‌తో 50 మిల్లీమీటర్లకు ఒక రంధ్రం చొప్పున వేస్తే ఉపరితలంలో దాదాపు 4.5 శాతం మట్టి మాత్రమే బయటికి వస్తుంది. ఒక్కసారి తిప్పి నేల మారిపోవాలని ఆశించేవారు ఈ లెక్క వేసుకోవాలి. గరికకు ఈ పని ఎండ బాగా కాసి గడ్డి చురుగ్గా పెరిగే రోజుల్లోనే చేయాలి. చలికి నిద్రలో ఉన్న గడ్డికి చేస్తే రంధ్రాలు పూడవు, కలుపు మొలుస్తుంది.

ఇసుకజల్లెడ:
రంధ్రాలు చేశాక ఇసుక పోయమని ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి నా అనుభవం ముందే రాస్తున్నాను. నేను చూసే మైదానం వేర్ల పొర ముతక ఇసుకతో కట్టినది. ఒక ఏడాది దగ్గరలో దొరికిందని సన్నని ఇసుక పోయించాను. చూడ్డానికి తెల్లగా, మెత్తగా, పంచదారలా ఉంది. తర్వాతి వానలకు నీరు పైనే నిలిచింది. మట్టి కడ్డీ తీసి చూస్తే ముతక ఇసుక మీద వేలెడు సన్నని పొర, ఆ పొరలోనే చుట్టలు చుట్టుకుని ఆగిపోయిన వేర్లు. సన్నని రేణువులు నీటిని పట్టి ఉంచుతాయి, కింద ముతక పొర ఉంటే ఆ నీరు సులువుగా దిగదు. ఆ పొరను ఛేదించడానికి రెండేళ్లు బోలు టైన్లతో తీయవలసి వచ్చింది.

అమెరికా గోల్ఫ్ సంఘం గ్రీన్‌ల (బంతి పడే గుంత చుట్టూ ఉండే పొట్టి పచ్చిక) వేర్ల పొరకు రాసిన ప్రమాణంలో, కనీసం 60 శాతం రేణువులు 0.25 నుంచి 1 మిల్లీమీటరు మధ్య ఉండాలంటుంది. మీ మైదానానికి అంత నిక్కచ్చి అవసరం లేకపోవచ్చు, కానీ ఉన్న ఇసుకతో పోయబోయే ఇసుక సరిపోలాలన్న నియమం మాత్రం అందరిదీ. లోడు దించక ముందే గాజు సీసాలో మూడో వంతు ఇసుక, మిగతా నీరు పోసి బాగా కుదిపి రాత్రంతా వదిలేయండి. ఇసుక పైన బురద పొర స్పష్టంగా తేలితే లోడును వెనక్కి పంపండి. సముద్రపు ఇసుకైతే ఉప్పు కూడా చూసుకోవాలి.

పరిమాణం లెక్క సులభం: చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరు మందం అంటే ఒక లీటరు. మీ 7,140 చదరపు మీటర్లకు 3 మిల్లీమీటర్లు పోయాలంటే సుమారు 21 ఘనపు మీటర్ల ఇసుక కావాలి. ఇసుకను సమంగా చల్లే టాప్ డ్రెస్సర్ యంత్రం లేకపోయినా పారతో విసిరి, ఇనుప వల ముక్కను తాడుతో లాగి సమం చేయవచ్చు. ఇసుక పొడిగా ఉన్నప్పుడే లాగండి, తడిస్తే పోచలను నేలకు అణచేస్తుంది.

నీటిచుక్క:
పసుపు రంగు మూలలని రాశారు కదా, నా దృష్టి అక్కడే ఆగింది. మీరు ఏ యంత్రం కొనకముందే ఒకే కొలత గల పదహారు డబ్బాలు సంపాదించండి. స్ప్రింక్లర్ల పరిధిలో సమాన దూరాల్లో పెట్టి, గాలి లేని ఉదయం ఇరవై నిమిషాలు నీరు వదిలి, ప్రతి డబ్బాలో ఎన్ని మిల్లీమీటర్లు చేరిందో స్కేలుతో కొలవండి. అతి తక్కువ నీరు పడిన నాలుగు డబ్బాల సగటును మొత్తం సగటుతో భాగించండి. ఆ అంకె 0.7 కంటే తగ్గితే నేను ఎరువు సంచి జోలికి వెళ్లను, నాజిళ్లు విప్పుతాను.

ఎరువుతూకం:
ఎరువు చల్లే బండి గురించి ఎవరూ రాయలేదు. నా లెక్కలో రీల్ తర్వాత అదే ముఖ్యం, ఎందుకంటే చేత్తో చల్లిన యూరియా మచ్చలను మైదానం వారాల తరబడి చూపిస్తుంది. యూరియాలో నత్రజని 46 శాతం. చదరపు మీటరుకు 2.5 గ్రాముల నత్రజని ఇవ్వాలంటే 5.4 గ్రాముల యూరియా, అంటే మీ మైదానానికి దాదాపు 39 కిలోలు పడుతుంది. దాన్ని రెండు భాగాలు చేసి, సగం నిలువుగా నడుస్తూ, సగం అడ్డంగా నడుస్తూ చల్లాలి. బండి మీది అంకెలను నమ్మకండి. 3 మీటర్ల వెడల్పున చల్లే బండైతే 50 మీటర్లు నడిచి, ఎంత తగ్గిందో తూచండి. ఆ 150 చదరపు మీటర్లకు సగం మోతాదు ప్రకారం 400 గ్రాములు తగ్గి ఉండాలి. నడక వేగం మారితే అంకె మారుతుంది, కాబట్టి కొలిచినవారే చల్లడం మంచిది. పోచలు పొడిగా ఉన్నప్పుడు చల్లి, వెంటనే నీరు పెట్టాలి, లేకపోతే నత్రజని కొంత అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది.

బండిని గడ్డి మీద నింపకండి. ఒకసారి తలుపు మూయడం మరిచి నేను పోసిన గుప్పెడు యూరియా సరిగ్గా మధ్య వృత్తంలో, పళ్లెమంత మేర గడ్డిని మాడ్చింది. ఆ సీజను ఫొటోలన్నిటిలోనూ అది కనిపిస్తుంది.

రీల్‌పదును:
నింపడం గురించి వచ్చింది కాబట్టి పెట్రోలు, నూనె కూడా గట్టు మీదే పోయండి. నూనె ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ యంత్రం కొంటే ప్రతి ఉదయం గొట్టాల కీళ్ల కింద తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. కాగిన నూనె కారుతుంటే యంత్రం నడిచిన దారంతా గోధుమ రంగు గీత పడుతుంది. గుడ్డకు చెమ్మ అంటితే ఆ రోజు కోత మానుకోవడమే నయం.

గరికపోచ:
స్ప్రేయర్లు రెండు ఉంచుకోండి, ఒకటి కలుపు మందులకు మాత్రమే. దాని మీద ఎర్ర రంగు పూయండి. కడిగామనుకున్న ట్యాంకులో మిగిలిన మందు ఎంత పని చేస్తుందో నాకు తెలుసు, వివరాలు అడగకండి. నాజిల్ కింద కొలపాత్ర పెట్టి నిమిషానికి ఎంత పడుతోందో చూడండి. కొత్త నాజిల్ కంటే పది శాతం ఎక్కువ వస్తే అది అరిగినట్టే.

ఇంకొకటి, బోడి చోట్లకు గింజలు కొనే ముందు జాగ్రత్త. 1960లో విడుదలైన టిఫ్‌వే 419 వంటి హైబ్రిడ్ గరికలు మొలకెత్తే గింజ ఇవ్వవు. పిలకలతోనో, పలకలుగా కోసిన గడ్డితోనో మాత్రమే వ్యాపిస్తాయి. ఆ పేరు చెప్పి గింజల పొట్లాలు అమ్మిన వ్యాపారి ఒకరు నాకు తగిలారు. మొలిచింది గరికే కానీ రంగు వేరు, ఆకు వెడల్పు వేరు. మైదానం అంచున ఒక చిన్న మడిని మీ గడ్డితోనే పెంచుకుంటే గోల్ ముందు అతుకులకు అదే నర్సరీ.

సున్నపుగీత:
గీతల సంగతి క్లుప్తంగా. తడి సున్నం వాడకండి, కళ్లను కాలుస్తుంది. నీటిలో కలిపే మైదానం పెయింట్ గానీ, సుద్ద పొడి గానీ వాడండి. గీత వెడల్పు 12 సెంటీమీటర్లు దాటకూడదు. మూలలకు 3, 4, 5 మీటర్ల త్రిభుజం తాడుతో వేస్తే లంబకోణం వస్తుంది. తాడు సాగనిదై ఉండాలి.

కొత్తమాలి:
అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలు పట్టింది, వరుసగా రాస్తాను. డబ్బాలు పెట్టి కొలిస్తే సగటు 8 మిల్లీమీటర్లు, తక్కువ పడిన నాలుగింటి సగటు 4.5, అంటే 0.56. విప్పి చూస్తే పసుపు తిరిగిన రెండు మూలల్లోనూ నాజిళ్లు మిగతావాటి కంటే చిన్నవి, ఒకదానిలో నత్త గుల్ల ఇరుక్కుని ఉంది. మార్చాక 0.75 వచ్చింది, ఆ మూలలు ఇప్పుడు పచ్చబడుతున్నాయి. రోటరీ బ్లేడు సానపట్టించాను. మట్టి కడ్డీలు మాత్రం నన్ను కలవరపెట్టాయి: గోల్ ముందు తీసిన రెండింటిలో 40 మిల్లీమీటర్ల లోతున నల్లని పట్టీ ఉంది, విరిస్తే కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. ఇదేమిటి?

ఇసుకజల్లెడ:
గాలి అందక నీరు నిలిచిన చోట పుట్టే నల్ల పొర అది. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడుది. కింద సన్నని రేణువుల పొర ఏదో నీటిని ఆపుతోంది. ఏరేటర్ అద్దెకు తెచ్చేటప్పుడు 100 మిల్లీమీటర్లు దిగే బోలు టైన్లు అడగండి, తేలికగా దిగుతోంది కదా అని 50 దగ్గర ఆపనివ్వకండి. తీసిన మట్టిని అక్కడే చల్లకుండా బయట పోయించి, రంధ్రాలను సీసా పరీక్ష నెగ్గిన ఇసుకతో నింపండి. అప్పటిదాకా అక్కడ నీరు తగ్గించండి.

కొత్తమాలి:
యాజమాన్యానికి రీల్ మోవర్ అనే రాసి ఇచ్చాను, ఏరేటర్ వచ్చే శనివారానికి అద్దెకు మాట్లాడాను. నిన్న వచ్చిన ఇసుక సీసాలో బురద పొర గోరంత మందాన తేలింది, లోడు వెనక్కి వెళ్లింది. రెండో చోటి నమూనా ఇప్పుడు కిటికీలో సీసాలో ఉంది.