సకూనా ముగిసింది, తర్వాత ఏది? ఈమధ్య మీరు పూర్తి చేసిన ఆటల సంగతి చెప్పండి

లంక_గేమర్ (రాజోలు):

"సకూనా: ఆఫ్ రైస్ అండ్ రూయిన్" పూర్తయిందండి. ఆడని వాళ్ల కోసం రెండు ముక్కలు. 2020 నవంబరులో వచ్చిన జపాన్ ఆట, చేసింది ఎడెల్వైస్ అనే చిన్న బృందం. పంటల దేవత సకూనాని రాక్షసుల దీవికి వెళ్లగొడతారు. అక్కడ ఒకపక్క కొట్లాట, ఒకపక్క వరి సాగు. ఆటలో ఏడాదంటే పన్నెండు రోజులే, రుతువుకి మూడు చొప్పున. మెలిక ఎక్కడుందంటే, రాక్షసుల్ని ఎంతమందిని చంపినా సకూనా లెవెల్ పెరగదు. కోతలయ్యాక పంట ఎలా వచ్చిందో దాన్నిబట్టి పెరుగుతుంది. బాస్ (దారికి అడ్డంగా ఉండే పెద్ద శత్రువు) దగ్గర ఇరుక్కున్న వాళ్లు వెళ్లాల్సింది పొలంలోకి, మళ్లీ బాస్ దగ్గరికి కాదు.

నా లెక్కలో సాగుకి పదికి తొమ్మిది, కొట్లాటకి ఆరు. పెద్ద దెబ్బతో ఒకణ్ణి లేపి ఇంకొకడి మీదకి విసరడం, కండువా విసిరి శత్రువుని పట్టుకుని వాడి వెనక్కి దూకడం చాలా బాగుంటాయి. కానీ పెద్ద బాస్‌లు లేవరు, విసరబడరు. ఆ సరదా అంతా అక్కడ పోయి, మన అంకెలు వాళ్ల అంకెల్ని దాటాయా లేదా అన్నదే మిగులుతుంది. రాత్రి శత్రువుల బలం ఒక్కసారిగా పెరగడం కూడా కొత్తవాళ్లకి ఎవరూ చెప్పరు. తెల్లారగానే వెళ్లి, రాత్రి భోజనానికి ఇంటికి వచ్చేయాలి. భోజనం తప్పితే మర్నాటి బలాలు కూడా పోతాయి.

అడగాల్సినవి రెండు. ఒకటి, రెండోసారి మొదలుపెట్టాను, దిగుబడి బాగానే వస్తోంది గానీ రుచి, జిగురు, వాసన ముందుకి కదలడం లేదు. ఎక్కడ తేడా కొడుతోంది? రెండు, తర్వాత ఏ ఆట? ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. బ్యాటరీ నామమాత్రం. సాయంత్రం కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు కాబట్టి గంట ఆట పోగొట్టే సేవ్ పద్ధతి వద్దు. ఆన్‌లైన్ ఆటలూ వద్దు.

దాళ్వా_రాజు (పెనుమంట్ర):

ఈ ఆట వచ్చిన కొత్తలో జపాన్‌లో చాలామంది వాళ్ల వ్యవసాయ శాఖ వెబ్‌సైటు పక్కన తెరిచి పెట్టుకుని ఆడారు. మనకి అంత అవసరం లేదు, ఊళ్లో చూసిందే సగం పనికొస్తుంది. మిగతా సగమే మోసం చేస్తుంది.

దిగుబడి వచ్చి నాణ్యత రాలేదంటే ముందు నాట్లు చూడండి. ఒత్తుగా ఊడిస్తే గింజల లెక్క పెరుగుతుంది, గింజ మాత్రం బాగుపడదు, తెగులూ తొందరగా పాకుతుంది. మన దగ్గర 20 సెంటీమీటర్ల సాలు, సాలులో 15 సెంటీమీటర్ల ఎడం, అంటే చదరపు మీటరుకి 33 కుదుళ్లు అంటారు. రెండు మీటర్లకోసారి 20 సెంటీమీటర్ల కాలిబాట కూడా తీయమంటారు, సుడిదోమ కుదుళ్ల మొదట్లో గూడు కట్టకుండా గాలి, వెలుతురు ఆడాలని. ఆటలో టేపు పెట్టి కొలవలేరు గానీ సూత్రం అదే. నాట్లు వేస్తూ ఉంటే నైపుణ్యం పెరిగి గీతలు కనబడతాయి, అవి వచ్చేదాకా ఓపిగ్గా వెనక్కి నడుస్తూ సమానంగా పెట్టండి.

రెండోది విత్తనం ఏరడం. మొదట్లో బురదనీళ్లు, తర్వాత ఉప్పునీళ్లు. తాలు తేలిపోతుంది, బరువైన గింజ అడుగుకి దిగుతుంది. గట్టిగా ఏరితే విత్తనం తగ్గుతుంది, అది చూసి చాలామంది సగంలో ఆపేస్తారు. దిగుబడి ఇప్పటికే ఉన్నవాళ్లు అక్కడ కక్కుర్తి పడక్కర్లేదు.

మూడోది, అసలైంది, నీళ్లు. నాటగానే పల్చగా పెట్టండి. చలిగా ఉన్న రోజు కొంచెం లోతు పెంచండి, పగటి వేడిని నీళ్లు రాత్రికి పట్టి ఉంచుతాయి. పిలకలు సరిపడా వేశాక తూము తెరిచి చేను ఆరగట్టండి. దానివల్ల పనికిరాని పిలకలు ఆగుతాయి, వేరు కిందికి దిగుతుంది. ఎక్కువమంది వదిలేసేది ఈ పనే, మొక్క పచ్చగా ఉంటే నీళ్లు తీయడానికి చెయ్యి రాదు. చిరుపొట్ట (వెన్ను పొట్టలో ఏర్పడే దశ) నుంచి గింజ పాలు పోసుకునేదాకా మళ్లీ నీళ్లుండాలి, కోతకి ముందు మళ్లీ తీసేయాలి. అలా మార్చడానికి రోజూ పొద్దున్న అడవికి వెళ్లేముందు తూము దగ్గర ఒక్క నిమిషం చాలు. ఒకసారి పెట్టేసి మూడు రోజులు అడవుల్లో తిరిగితే నాణ్యత అక్కడే పోతుంది.

ఎరువు మిశ్రమంలో ఆకు, గింజ, వేరు అని మూడు అంకెలుంటాయి కదా, అవి మన నత్రజని, భాస్వరం, పొటాష్ లెక్కే. ఆకుది మొదట్లో, గింజది వెన్ను వచ్చే వేళకి. ఎప్పుడూ ఒకే మిశ్రమం వేస్తే చేను ఆకుమయం. మన దగ్గర యూరియా ఎక్కువైతే పైరు పడిపోయి అగ్గితెగులు అంటుకుంటుంది, అలాంటిదే. అడవిలో దొరికిన ప్రతిదీ గుంటలో పారేయకండి, కలిపేముందు ఏం పెరుగుతుంది, విషం ఎంత అన్నది తెర మీదే చూపిస్తుంది.

ఇక మోసం ఎక్కడంటే మురుగు. ఆటలో తూము తీస్తే నీళ్లు పోతాయి, అంతే. మన డెల్టాలో నీళ్లు పెట్టడం కంటే తీయడమే కష్టం. మురుగుకాలువ గుర్రపుడెక్కతో నిండి ఉంటే తుపాను వర్షం వారమైనా చేలోంచి కదలదు. దాళ్వాలో (రెండో పంటలో) వంతులవారీ తడుల సంగతి సరేసరి. ఆ బాధ లేని వరి కాబట్టే హాయిగా ఆడగలుగుతున్నాం.

ఇంకొకటి, కోతయ్యాక దంపుడు బియ్యంగా ఆపాలా, తెల్లగా పాలిష్ పట్టాలా అన్నది మీ చేతిలోనే ఉంటుంది. రెండిటి ఫలితాలు వేరు. ఏ బలం తక్కువుందో చూసుకుని ఆపండి. బాతులు వచ్చాక చేలో వదలండి, కలుపూ పురుగూ రెండూ తింటాయి.

లేసు_నరసాపురం:

సకూనాలో కొట్లాట నచ్చనివాళ్లకి స్టార్‌డ్యూ వ్యాలీ. 2016లో వచ్చింది, ఎరిక్ బరోన్ ఒక్కడే కూర్చుని చేసిన ఆట, మీ ల్యాప్‌టాప్‌కి లెక్కే కాదు. ఐదొందల ఎంబీ చోటు చాలు.

ఇందులోనూ వరి ఉంది, చెబితే మీ ఊళ్లో నవ్వుతారు. పియర్ కొట్లో 40 జీకి (జీ అంటే ఆటలో డబ్బు) నారు, వసంతంలోనే పండుతుంది, 8 రోజుల్లో కోత. నీళ్లకి మూడు గళ్ల లోపు నాటితే 6 రోజులే, తడి కూడా పెట్టక్కర్లేదు. మన స్వర్ణ రకం వరికి 150 రోజులు! చెరువు గట్టు పొడవునా నాటితే ఆ మొక్కలకి నీళ్లు పోసే ఓపిక మిగులుతుంది, మొదట్లో రోజుకి 270 ఓపికే కాబట్టి అది చిన్న విషయం కాదు. ధాన్యంగా అమ్మితే 30, మిల్లాడించి బియ్యంగా అమ్మితే 100. మిల్లుకి 2,500 జీ, 50 రాళ్లు, 150 కలప దొరకడం తేలిక, అందరూ ఆగేది 4 గుడ్డల దగ్గర. గొర్రెలో కుందేళ్లో, మగ్గమూ లేకపోతే అవి త్వరగా రావు. అందుకని మొదటేడు వరి మీద ఆశలు పెట్టుకోకండి, బంగాళాదుంపా క్యాలీఫ్లవరూ చూసుకోండి.

సేవ్ సంగతి: నిద్రపోతేనే సేవ్. పొద్దున్న ఆరు నుంచి రాత్రి రెండు దాకా ఒక రోజు మన టైములో సుమారు 14 నిమిషాలు. కరెంటు పోతే ఎక్కువలో ఎక్కువ అంతే నష్టం. ఒక్క ప్రమాదం, సరిగ్గా సేవ్ అవుతున్న క్షణంలో పోతే ఫైలు పాడవచ్చు. అప్పుడు కంగారుపడి కొత్త ఆట మొదలుపెట్టకండి. సేవ్స్ ఫోల్డర్‌లో మీ పొలం పేరుతో ఉన్నదాంట్లో రెండు ఫైళ్లకి చివర "అండర్‌స్కోర్ ఓల్డ్" అని ఉంటుంది, అవి ముందురోజువి. ఫోల్డర్ మొత్తం ఒక కాపీ వేరేచోట పెట్టి, పాడైన రెండిటినీ తీసేసి, పాతవాటి పేర్లలోంచి ఆ తోక తీసేయండి. ఒక్క రోజు వెనక్కి వెళ్తారు, అంతే.

"పూర్తి" అంటే ఇందులో ఏమిటో అన్నది మీ ఇష్టం. మూడో ఏడు మొదట్లో తాతగారు వచ్చి మార్కులేస్తారు, 21కి 12 వస్తే నాలుగు కొవ్వొత్తులూ వెలుగుతాయి. చాలామంది అక్కడ ఆపుతారు. తక్కువొచ్చినా మళ్లీ పిలిచి వేయించుకోవచ్చు కాబట్టి ఆ రెండేళ్లూ పరుగులు పెట్టి ఆటని పాడుచేసుకోకండి.

కోటిపల్లి_రేవు:

కొట్లాట కావాలంటే నా ఓటు హేడీస్‌కి, పాతాళం నుంచి గది తర్వాత గది దాటుకుంటూ బయటపడే ఆట. ఏ గదిలో ఉండగా కరెంటు పోయినా ఆ గది మొదట్నుంచి ఆడొచ్చు, అంటే రెండు మూడు నిమిషాలు. 15 జీబీ, పాత మిషన్‌లో కూడా నడుస్తుంది. కష్టంగా ఉంటే సెట్టింగ్స్‌లో గాడ్ మోడ్ ఉంది, పేరు చూసి నామోషీ పడకండి. మొదట్లో 20 శాతం దెబ్బ తగ్గుతుంది, చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం, 80 దాకా. మొదటిసారి బయటపడగానే అయిపోయిందనుకుని తీసేసేవాళ్లున్నారు. కథ ముగింపుకి పదిసార్లు బయటపడాలి, అసలు మాటలన్నీ ఆ మధ్యలోనే ఉంటాయి. కొత్తవాళ్లు డాలుతో మొదలుపెడితే మేలు, అడ్డుపెట్టుకునే దూసుకుపోవచ్చు.

హాలో నైట్: సిల్క్‌సాంగ్ 2025 సెప్టెంబరు 4న వచ్చింది. ఆట గొప్పది, మీ షరతుకి సరిపడదు. చచ్చాక తిరిగి లేచేది ఎప్పుడూ మనం చివరిసారి కూర్చున్న బెంచీ దగ్గరే, కొన్నిచోట్ల బెంచీకి కూడా రోజరీ పూసలు (ఆటలో డబ్బు) కట్టాలి. మొదటి హాలో నైట్‌లో మూడు దెబ్బలు కొడితే ఒక ముసుగు (ప్రాణం కొలత) నయం చేసేంత సోల్ (శక్తి) వచ్చేది. ఇక్కడ ఒకేసారి మూడు ముసుగులు నయమవుతాయి, కానీ దానికి తొమ్మిది పోగుల సిల్క్ పోతుంది. మొదట్లో ఉన్నవి ఐదే ముసుగులు, చాలా శత్రువులు దెబ్బకి రెండు తీస్తారు. కాబట్టి రెండు మిగిలినప్పుడు నయం చేసుకోండి, ఒకటి దాకా ఆగితే లెక్క తప్పుతుంది. గాల్లో కూడా నయం చేసుకోవచ్చని గుర్తుంచుకోండి. కిందికి కొట్టే దెబ్బ ఏటవాలుగా పోవడం నచ్చకపోతే వాండరర్ క్రెస్ట్ (కొట్టే తీరుని మార్చే చిహ్నం) పెట్టుకోండి, నిట్టనిలువుగా పడుతుంది, అందే దూరం మాత్రం తక్కువ. పూసలు చేతిలో ఉంచుకోకుండా దండ గుచ్చి పెట్టండి, చచ్చినా దండ పోదు. లాస్ట్ జడ్జ్ అనే బాస్ చచ్చేటప్పుడు పేలుతుంది. గెలిచామని అక్కడే నిలబడితే మీరూ పోతారు, చివరి దెబ్బ పడగానే దూరంగా జరగండి. బెంచీ నుంచి అక్కడిదాకా దారి ఎంత విసుగో, అదొక్కటీ ఆ ఆట మీద నా ఫిర్యాదు.

కత్తియుద్ధాల ఆట సెకీరో (2019) అయితే తనంతట తనే సేవ్ చేసుకుంటూ పోతుంది, మీ కార్డుకీ చాలు. కత్తికి కత్తి అడ్డుపెట్టే బటన్‌ని ఊరికే టపటపా నొక్కితే సరిగ్గా తగిలే వ్యవధి ఇంకా తగ్గిపోతుంది, చాలామంది ఓడిపోయేది అక్కడే. ఒక్కో దెబ్బకి ఒక్క నొక్కు. శత్రువు ప్రాణం నిండుగా ఉండగా వాడి నిలకడ (ఆటలో పోశ్చర్ అంటారు) త్వరగా కోలుకుంటుంది, కాబట్టి ముందు కొంత ప్రాణం తీసి ఆ తర్వాత నిలకడ విరగ్గొట్టండి. గెనిచిరో అనే బాస్ మెరుపు విసిరితే గాల్లోకి ఎగిరి ఆ దెబ్బ తిని, నేలమీద పడేలోపు కత్తి తిప్పండి, మెరుపు వాడికే పోతుంది. చచ్చినప్పుడు సగం సొమ్ము పోతుంది, బాస్ ముందు సొమ్ముతో సంచులు కొని దాచుకోండి.

స్క్రూడ్రైవర్_భీమవరం:

ఆటలు మీరే చూసుకోండి, కరెంటు సంగతి నేను చెబుతాను. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనక చిన్న స్విచ్ ఉంటుంది, యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయి బ్యాటరీ మీదకి మారేలోపు కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోవచ్చు. యూపీఎస్ మోడ్ పెట్టండి. కానీ అందులో వోల్టేజి సుమారు 180 కంటే పడితే బ్యాటరీకి మారిపోతుంది. ఏసీలూ చెరువుల దగ్గర ఏరేటర్లూ ఒకేసారి నడిచే సాయంత్రాల్లో మీ ఊళ్లో వోల్టేజి పడిపోతుంటే, కరెంటు ఉండగానే బ్యాటరీ ఖాళీ అవుతుంది. అలాంటి ఇంట్లో ఇన్వర్టర్‌ని నార్మల్‌లోనే ఉంచి కంప్యూటర్‌కి విడిగా 600 వీఏ యూపీఎస్ కొనుక్కోండి. అది సుమారు 360 వాట్ల దాకా ఇవ్వగలదు, గ్రాఫిక్స్ కార్డు నిండా పనిచేస్తుంటే కొన్ని నిమిషాలే నిలబడుతుంది. సేవ్ చేసి మూసేయడానికే అది, ఆడటానికి కాదు.

స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద కొన్ని మంచి ఎస్ఎంపీఎస్‌లు (కంప్యూటర్‌కి కరెంటు అందించే పెట్టెలు) ఆగిపోతాయి, పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే ఏర్పాటు) ఉన్నవి ముఖ్యంగా. కొనేటప్పుడు ప్యూర్ సైన్ వేవ్ అని అడిగి తీసుకోండి. ల్యాప్‌టాప్ వాళ్లకి ఇంకో మాట, బ్యాటరీ మీదకి మారగానే కార్డు వేగం తగ్గిపోతుంది. సెకీరో ఆడుతూ ఫ్రేములు సగం పడితే చేతి లెక్క మారుతుంది. పాజ్ కొట్టి ఆపేయడమే నయం.

లంక_గేమర్ (రాజోలు):

రాజుగారూ, పోయిన పంటలో చేను ఆరగట్టలేదు, ఎరువు కూడా మొదట్నుంచి చివరిదాకా ఒకటే మిశ్రమం. ఈ సారి రెండూ మారుస్తాను. కోటిపల్లి గారూ, హేడీస్ కీబోర్డుతో ఆడొచ్చా? కంట్రోలర్ లేదు.

కోటిపల్లి_రేవు:

నిక్షేపంగా. మౌస్‌తో గురి పెట్టొచ్చు కాబట్టి విల్లు, తుపాకీ కంట్రోలర్ కంటే అలాగే బాగుంటాయి. డాష్‌ని (చటుక్కున పక్కకి దూసుకుపోయే బటన్‌ని) మాత్రం బొటనవేలికి అందే స్పేస్ బార్ మీదే ఉంచండి, ఆటంతా దాని మీదే.